పైన నిప్పు, క్రింద నిప్పు

బరంపురంలో మా యింట 'బేకింగు' అనే మాట మొన్న మొన్నటివరకు ఎవరూ పలకలేదు. మా అమ్మాయి బడిలో నేర్చుకొని వచ్చేదాకా ఆ పనికి మాకున్న మాట 'కాల్చడం' ఒక్కటే. రొట్టె కాల్చడం, పిఠా కాల్చడం. ఒడియాలోనూ అంతే. 'పోడ' అంటే కాలినది, 'పిఠా' అంటే పిండివంట. బేకరీ అంటే బజారులో బన్నులూ రస్కులూ అమ్మే కొట్టు. అది యింటి పని కాదు. కాని పైన నిప్పు, క్రింద నిప్పు పెట్టి, మధ్యనున్న పిండిని నెమ్మదిగా పక్వానికి తెచ్చే పని మా యింట నాలుగు తరాలనుంచి సాగుతున్నది. ఆ సంగతి మనవాళ్ళకు చెప్పాలని చాలాకాలంగా ఉన్నది. ఇప్పుడు చెప్పకపోతే చెప్పడానికి మరెవరూ మిగలరేమో అన్న అనుమానం కూడ ఈమధ్య కలిగింది. దాని కారణం ముందు ముందు వ్రాస్తాము.

'మేము' అని వ్రాయడం గొప్పకు కాదు. ఆఫీసులో ఫైళ్ళమీద నోటు పెట్టే గుమాస్తాకు గొప్ప ఎక్కడినుంచి వస్తుంది? ఈ వంట ఒక్కరి చేతిమీద అయ్యేది కాదు. ఒకరు పప్పు రుబ్బాలి, ఒకరు కొబ్బరి కోరాలి, ఒకరు అరటాకు వాటార్చాలి, ఒకరు రాత్రి లేచి నిప్పు చూడాలి. అందుచేత మేము.

మా ముత్తాతగారు చీకాకోలు దగ్గరి పల్లెనుంచి బట్టల కొట్టులో పద్దులు వ్రాయడానికి బరంపురం వచ్చారు. గంజాం జిల్లా ఆనాడు మద్రాసు రాజధానిలోనిది. చీకాకోలు, అనగా ఇప్పటి శ్రీకాకుళం, ఆ జిల్లాలోదే. కాబట్టి ఆయన జిల్లా దాటి వచ్చినట్టు కూడ లెక్క కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం వేరుపడి, బరంపురం అటూ చీకాకోలు ఇటూ అయిన తర్వాత, ఇల్లు కదలకుండానే మేము పరరాష్ట్రంవార మైనాము. అప్పటినుంచి ఇక్కడివారికి మేము 'తెలెంగా'లము, విశాఖపట్నం వెళితే 'ఒరియావాళ్ళ'ము. రెండు పిలుపులకూ పలకడం మాకు అలవాటే.

ముత్తాతగారితోబాటు మా తాతమ్మ ఆ ఊరినుంచి తెచ్చుకొన్న సామానులో ఇప్పటికీ నిలిచి ఉన్నది ఒక్క ఇనుప మూకుడు. అడుగు మందం, అంచు మందం, రెండు ప్రక్కలా చెవులు. వట్టిగా ఎత్తినా చెయ్యి లాగుతుంది. మా అమ్మాయి ఈమధ్య తూచి నాలుగు కిలోలకు ఒక పిసరు తక్కువ అని చెప్పింది. ఆ మూకుడు మినపరొట్టెకోసం తెచ్చినది. గోదావరివారు దిబ్బరొట్టె అంటారు, మేము మినపరొట్టె అంటాము. సోలెడు మినపపప్పు నానబోసి మెత్తగా రుబ్బి, తవ్వెడు బియ్యపురవ్వ కడిగి పిండి అందులో కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి, నూనె కాగిన మూకుట్లో అరచేతి మందాన పోసి, మూతమీద నిప్పులు పెట్టి కాల్చడం. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన కూడ ఎరుపు తిరగాలి, లోపల దూదిలాగ ఉండాలి. తిరగవేసి కాల్చేవాళ్ళను చూస్తే మా మామ్మకు నచ్చేది కాదు. 'తిరగేస్తే అది అట్టు. రొట్టెకు నిప్పు దాని దగ్గరికి వెళ్ళాలి గాని, రొట్టె నిప్పు దగ్గరికి రాకూడదు' అనేది.

ఇక పోడపిఠా సంగతి. అది మాది కాదు. ప్రక్కింటి ఒడియా మావుసి మా తాతమ్మకు నేర్పినది. ఆ మావుసి పేరు కూడ మా యింట ఎవరికీ తెలియదు. మామ్మ చెప్పేటప్పుడు కూడ 'మావుసి' అనే చెప్పేది. జ్యేష్ఠం వెళ్ళే రోజుల్లో, ఇంగ్లీషు లెక్కకు జూన్ నెల నడుమ, ఇక్కడ రజపండుగ వస్తుంది. మూడు రోజులు. మొదటిది పహిలి రజ, రెండవది మిథున సంక్రాంతి, మూడవది భూదహ అంటారు. నాలుగవనాడు వసుమతీ స్నానం. తొలకరికి ముందు భూదేవి రజస్వల అవుతుందని ఒడియావారి నమ్మిక. అందుచేత ఆ మూడు రోజులూ నాగలి కట్టరు, నేల త్రవ్వరు. ఆడపిల్లలు కాళ్ళకు పారాణి పెట్టుకొని, కొత్తబట్టలు కట్టుకొని, తమలపాకులు నములుతూ ఊయల లూగుతారు. నేలమీద వట్టి కాళ్ళతో నడవరాదని కూడ నియమం. ఆడవారు రుబ్బరాదు, దంచరాదు. పొయ్యి దగ్గర చాకిరీ ఎంత తక్కువైతే అంత మంచిది.

మరి తినేదేమిటి? అక్కడే పోడపిఠా అవసరం వచ్చింది. పండుగకు ముందు రోజును 'సజబజ' అంటారు, అంటే సన్నాహాల రోజు. ఆనాడే రుబ్బవలసినదంతా రుబ్బి, రాత్రి నిప్పులో పెట్టి వదిలేస్తే తెల్లవారేసరికి తయారవుతుంది. బెల్లం పాకమూ, పైన గట్టిపడిన పెచ్చూ కలిసి దాన్ని మూడు నాలుగు రోజులు పాడవకుండా కాపాడతాయి. అంటే ఆడవారికి సెలవు కావాలి గనుక ఈ వంట వచ్చిందన్నమాట.

తాతమ్మకు ఈ సంగతి నచ్చింది. మన పండుగలు ఒక్కొక్కటీ ఎట్లా ఉంటాయో పాఠకులకు వేరే చెప్పాలా? సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర, దసరాకు గారెల మూకుడు దగ్గర ఆడవారి నడుములు విరుగుతాయి. మగవారు పీటలమీద కూర్చొని బాగున్నాయో లేదో సెలవిస్తారు. ఏడాదికొక పండుగ ఆడదాన్ని పొయ్యి దగ్గరనుంచి లేవగొట్టి ఊయలలో కూర్చోబెడుతున్నదంటే, ఆ పండుగ ఏ భాషవారిదైతే ఏమిటి? ముత్తాతగారు మాత్రం ఒప్పుకోలేదట. ఆ పండుగ వెనుక ఉన్న కారణం ఆయనకు చెవిన పెట్టుకోరాని మాట. మన యిళ్ళలో ఆ రోజుల్లో ఆడవారిని వసారా చివర చాపమీద కూర్చోబెట్టేవారు. వీళ్ళేమో దానికొక పండుగ చేసి పిండివంట పంచుతారు. తాతమ్మ ఏమీ వాదించలేదు. మొదటి ఏడు పిఠా ప్రక్కింటి పొయ్యిలో కాల్పించి తెచ్చింది. ముత్తాతగారు ఎదురుచెప్పకుండా రెండు ముక్కలు తిన్నారట. మరుసటి ఏడు మా పెరటి పొయ్యిలోనే కాలింది. మామ్మ ఈ కథ చెప్పేటప్పుడు 'రెండు ముక్కలు' అన్నచోట వేళ్ళు రెండూ పైకెత్తి చూపించేది.

మూకుడు ఒక్కటే, కావలసిన రొట్టెలు రెండు. అందుకని మా యింట ఒక క్రమం ఏర్పడింది. సజబజనాటి సాయంకాలం ముందు మినపరొట్టె కాల్చి అందరూ భోజనానికి బదులు అదే తినేవాళ్ళము. అప్పటికి మూకుడు నూనె పట్టి బాగా పదునెక్కి ఉంటుంది, పొయ్యి గోడలు కూడ కాగి ఉంటాయి. ఆ వేడిమీదే రాత్రికి పిఠా పెట్టేవారు. ఒడియావారి యిళ్ళలో ఇట్లా చేయరు. మన ఊరివారికి ఈ పిఠాయే తెలియదు. మా యింట మాత్రం ఉప్పురొట్టె ముందు, తీపిరొట్టె తర్వాత. పిల్లలుగా ఉన్నప్పుడు లోకమంతా ఇట్లాగే చేస్తుందనుకొనేవాళ్ళము.

చేసే విధం చెబుతాము. పప్పూ బియ్యమూ రొట్టెకు వేసిన పాళ్ళే: పప్పు ఒకటి, బియ్యం రెండు. పప్పు మెత్తగా, బియ్యం కొంచెం బరకగా రుబ్బాలి. జూన్ నెల ఉక్కలో ఐదారు గంటలకే పిండి పొంగుతుంది. అంతకుమించి ఉంచితే పులుపెక్కి బెల్లాన్ని తినేస్తుంది. తరిగిన బెల్లం, సగం కొబ్బరి కోరూ సగం పలుకులూ, దంచిన అల్లం, మిరియాలు, యాలకులు, చిటికెడు ఉప్పు. అల్లమూ మిరియాలూ తీపిలో ఎందుకని క్రొత్తవారు అడుగుతారు. తిన్న తర్వాత అడగరు. మూకుట్లో నెయ్యి రాసి, సెగమీద వాటార్చిన అరటాకులు అడ్డంగా నిలువుగా పరచి, పిండి పోసి, ఆకుల అంచులు మీదికి మడిచి, పైన మరొక ఆకు కప్పి, ఇత్తడి పళ్ళెం బోర్లించాలి. ఆకు వాటార్చకపోతే మడతలో చిట్లుతుంది, పిండి కారి అడుగంటుతుంది.

తర్వాతది నిప్పు. అసలు పని అంతా అక్కడే. మంట ఉండకూడదు. సరుగుడు కట్టెలు కాలి కణకణలాడే నిప్పులయ్యాక, వాటిని ప్రక్కకు లాగి, పొయ్యి అడుగున బూడిద పరచి, దానిమీద మూకుడు పెట్టేవారు. చుట్టూ ఊక పోసి, పైన పళ్ళెంమీద నిప్పులు, వాటిమీద రెండు పిడకలు. ఊక మండదు, రాజుకొంటుంది. రాత్రంతా లోలోపల కాలుతూ ఒకే తీరు వేడి ఇస్తుంది. మూకుడు దళసరి గనుక ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకుండా వేడిని పంచుతుంది. పిండి అడుగునుంచీ పైనుంచీ ఉడుకుతూ వస్తుంది. చిట్టచివర నడిబొడ్డు ఉడుకుతుంది. ఆ పాటికి అంచునున్న బెల్లం ముదిరి నల్లబడి ఉంటుంది. ఆ నల్లటి పెచ్చుకోసం మేమూ మా అన్నదమ్ములూ చేసిన తగాదాలు లెక్కపెడితే ఒక సివిలు కోర్టుకు ఏడాది పని దొరుకుతుంది.

పూరీలో జగన్నాథస్వామికి కూడ ఇది ఇష్టమని ప్రసిద్ధి. బాహుడా యాత్రనాడు, గుండిచా గుడినుంచి తిరిగి వచ్చేటప్పుడు, స్వామి రథం మౌసీ మా గుడి దగ్గర ఆగుతుంది. పినతల్లి పెట్టే పోడపిఠా ఆరగించిగాని ముందుకు కదలడు. బజారులో దొరికే ఛెనాపోడ వేరు. అది విరిగిన పాల ఛెనాతో నయాగఢ్ వైపు చేసి పేరు తెచ్చుకొన్న మిఠాయి. పేర్లు ఒకే తీరు గనుక క్రొత్తవారు రెంటినీ కలిపేస్తారు.

మా ఇంటావిడ విజయనగరం ఆడపడుచు. పెళ్ళయిన మొదటి రజకు ఈ నల్లటి పదార్థాన్ని చూచి 'మాడిపోయిందండీ, పారేయమంటారా?' అని అడిగింది. మా మామ్మ అప్పటికి జీవించే ఉన్నది. 'ఏటే పిల్లా, మాడడానికీ కాలడానికీ తేడా తెలీదేటి మీ ఊళ్ళో?' అన్నది. అత్తవారింట మొదటి మాట అట్లా పడ్డందుకు ఆవిడ చిన్నబుచ్చుకొన్నది. కాని ఆ సాయంకాలానికే అర్థపళ్ళెం ఖాళీ చేసింది. మరుసటి నెలలో పుట్టింటికి వెళుతూ పెద్ద ముక్క ఆకులో కట్టుకొని పోయింది. మా మామగారు రుచి చూచి, 'ఇది మన దిబ్బరొట్టెకు అన్నప్రాశన చేసినట్టుందే' అన్నారు. అప్పటినుంచి ఇప్పటివరకు ఏటేటా విజయనగరం పొట్లం తప్పలేదు.

2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు ఈ పొయ్యి విలువ మా వీధికంతటికీ తెలిసింది. తెల్లవారి చూస్తే వీధిలో నిలువుగా ఉన్న చెట్టు లేదు. మా వీధికి కరెంటు రావడానికి పది రోజులు దాటింది. గ్యాసు సిలిండరు అయిపోయినవారికి మరొకటి వచ్చే దారి లేదు. మిక్సీలు మూలపడ్డాయి. మా పెరట్లో రుబ్బురోలు ఉన్నది, పొయ్యి ఉన్నది, విరిగిపడిన కొమ్మలకు కొదవలేదు. మా అమ్మా, మా ఇంటావిడా, ఎదురింటి ఒడియా వదినా వంతులువారీగా రుబ్బి రొట్టె తర్వాత రొట్టె కాల్చారు. రజ కాదు, పండుగ కాదు. కడుపు నిండడమే ముఖ్యం గనుక అన్నీ ఉప్పురొట్టెలే. పచ్చికట్టెల పొగకు ముగ్గురి కళ్ళూ ఎర్రబడ్డాయి. ఆ పది రోజుల్లో ఎవరి యింట ఏ భాష మాట్లాడతారో మాకు జ్ఞాపకం లేదు, రొట్టె ఎవరు ఎన్ని ముక్కలు తిన్నారో మాత్రం ఉన్నది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. 2018లో అమ్మవలసి వచ్చింది. మూడు వాటాలు, ఒకరు హైదరాబాదు, ఒకరు భిలాయి, మేము ఇక్కడ. పంపకాల సంగతులు పత్రికలో వ్రాయదగినవి కావు. ఎవరి అవసరాలు వారివి. కొన్నవారు పడగొట్టి అంతస్తులు లేపారు. వెండి చెంబూ, దేవుని మందిరమూ, మంచమూ పంచుకోవడానికి గంట పట్టలేదు. మూకుడు దగ్గర మాత్రం కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. 'పొయ్యి ఎక్కడ ఉంటే అక్కడ ఉండనీ' అని మా అమ్మ అన్నది. అప్పటికి పొయ్యి మిగిలేది ఎక్కడా లేదు. అయినా మాటకు విలువ ఇచ్చి అందరూ మాకే వదిలారు.

మేమున్నది ఇప్పుడు మూడంతస్తుల యింట్లో నడిమి వాటా. గ్యాసు పొయ్యిమీద, క్రింద పెనం పెట్టి సన్నసెగన కాల్చి చూచాము. అడుగు కాలింది, పైన ఇడ్లీలాగ తెల్లగా మిగిలింది. మా అమ్మాయి పట్టుబట్టగా కరెంటు ఓవెను ఒకటి కొన్నాము. దానికి పైనా క్రిందా వేడి ఉన్నది, రంగు చక్కగా వచ్చింది, గంటన్నరలో పని అయింది. పిఠా ఎండినట్టుగా వచ్చింది, పొగ వాసన లేదు. తప్పు ఓవెనుది కాదు. మా మూకుడు అందులో పట్టదు, ఒక రాత్రి పని గంటన్నరలో కాదు. కేకులకు అది బాగానే ఉన్నది, పిల్లల పుట్టినరోజులకు వాడుతున్నాము.

చివరకు మేడమీదికి వెళ్ళాము. సిమెంటు తొట్టెలో ఇసుక పోసి, దానిమీద ఇటుకలు పేర్చి, బొగ్గులూ ఊకా వాడి కాల్చే ఏర్పాటు. పై వాటాలో ఉండే పెద్దమనిషి పొగ అని అభ్యంతరం చెప్పారు. న్యాయమే, ఆయనకు ఆయాసం. ఏడాదికి ఒక్క రాత్రి మాత్రమనీ, కట్టెలు కాకుండ బొగ్గులే వాడుతామనీ, ప్రక్కన రెండు బకెట్ల నీళ్ళు ఉంచుతామనీ ఒప్పందం కుదిరింది. ఆఫీసులో ఇరవై యేళ్ళుగా ఒప్పందాల కాగితాలు నకలు తీస్తున్నాము గాని, దీనిని వ్రాసుకోలేదు. నోటిమాటమీదే నడుస్తున్నది.

ఇక మొదట చెప్పిన అనుమానం. 2021 మే నెలలో మా అమ్మకు కరోనా వచ్చింది. పదకొండు రోజులు మంచంమీద ఉన్నది. దేవుడు మేలు చేసి బయటపడింది. కాని వాసన పోయింది. నెలలో వస్తుందన్నారు, ఆరు నెలలన్నారు. మూడేళ్ళయ్యాక కాస్త కర్పూరమూ, ఇంగువా తెలుస్తున్నాయంటుంది. అది కూడ ఒకనాడు ఉన్నట్టు, మరొకనాడు లేనట్టు.

వాసన పోతే ఏమైందని ఎవరైనా అనవచ్చు. ఈ వంటకు గడియారం లేదు. బొగ్గు ఒక్కొక్క ఏడు ఒక్కొక్క తీరు. ఊక తడిగా ఉంటే ఒక తీరు, పొడిగా ఉంటే మరొకటి. మూత తీసి చూడరాదు. తీస్తే ఆవిరి పోయి నడిబొడ్డు పచ్చిగా నిలిచిపోతుంది. తాతమ్మ, మామ్మ, అమ్మ ముగ్గురూ ముక్కుతోనే చెప్పేవారు. ముందు అరటాకు పచ్చివాసన వస్తుంది. తర్వాత పిండి ఉడికిన వాసన, ఇడ్లీ ఆవిరిలాగ. తర్వాత నెయ్యీ కొబ్బరీ. చాలాసేపటికి బెల్లం. బెల్లంలో మొదట తీపి వాసన, ఆ తర్వాత కొంచెం చేదు కలిసిన వాసన. ఆ చేదు తగిలీ తగలకముందు పైనిప్పు తీసేయాలి. అమ్మ నిద్రలోనుంచి లేచి 'ఇక చాలు' అని పెరట్లోకి నడిచిపోయిన రాత్రులు మాకు జ్ఞాపకమున్నాయి.

ఆ సంవత్సరం జూన్ నెలలో, ఇంకా నీరసం తగ్గకుండానే, అమ్మ మేడమీద కుర్చీ వేయించుకొని కూర్చున్నది. రాత్రి మూడు గంటలైంది. పక్కన మా అమ్మాయి. అప్పటికి దానికి పదకొండేళ్ళు. అమ్మ మూకుడు వైపు ముఖం పెట్టి రెండు మూడుసార్లు గట్టిగా గాలి పీల్చింది. ఏమీ అనలేదు. మేమూ ఏమీ అనలేదు. కాసేపటికి అమ్మ పిల్లను పిలిచి, 'తల్లీ, నీకేం వాసన వస్తోంది?' అని అడిగింది.

'కొబ్బరి, నానమ్మా.'

'బెల్లం రావటం లేదూ?'

'కొంచెం. జంతికలు వేయించేటప్పుడు అడుగున మిగిలిన పొడిలాగ ఉంది.'

'అది బెల్లం కాదు, ఆకు. కూర్చో.'

ఇట్లా పావుగంటకొకసారి అడగడం, పిల్ల చెప్పడం. 'ఇప్పుడు తాతగారి బీరువా తీసినట్టుంది' అని ఒకసారి అన్నది. అమ్మ చాలాసేపు ఆలోచించి, యాలకులు అన్నది. ఆ బీరువాలో పూర్వం యాలకుల సంచి ఉండేది. పిల్ల పుట్టకముందే మా నాన్నగారు పోయారు, బీరువా మాత్రం మిగిలింది. చివరకు నాలుగు దాటాక పిల్ల ముక్కు చిట్లించి, 'టీ డికాషను ఎక్కువ మరిగితే వస్తుందే, అట్లాంటిది' అన్నది. అమ్మ కుర్చీలోనుంచి లేచింది. 'తియ్యండి నిప్పు' అన్నది. మా ఇంటావిడ పట్టకారుతో పైనిప్పులు తీసేసింది.

తెల్లవారి ఆకు విప్పితే సరిగా కాలి ఉన్నది. అమ్మ నల్లటి పెచ్చు ముక్క నోట్లో వేసుకొని నమిలి, 'తీపి తెలుస్తోంది. కారం తెలుస్తోంది. కాలిన సంగతి తెలియటం లేదు' అన్నది. మరొక ముక్క పెట్టబోతే, 'పిల్లకు పెట్టు' అన్నది. ఆ రోజు మాకు పిఠా గొంతు దిగడం కష్టమైంది.

అప్పటినుంచి మా అమ్మాయి ఒక పుస్తకం పెట్టింది. పప్పు 250 గ్రాములు, బియ్యం 500, బెల్లం 400, కొబ్బరికాయ పెద్దది ఒకటి. సోలలూ తవ్వలూ పోయి అరవై యేళ్ళు దాటినా మా వంటింట్లో ఇన్నాళ్ళూ అవే నడిచాయి. కిలోల లెక్క దాని చేతిమీద ఇప్పుడు వచ్చింది. ఎన్ని గంటలకు పెట్టినది, ఎప్పుడు ఏ వాసన వచ్చినది వరుసగా వ్రాస్తున్నది. నిరుడు చదివి చూచాము. రాత్రి 10-15కు అరటాకు, 11-40కి ఇడ్లీ, 1-20కి కొబ్బరి. తెలుగు అక్షరాలు తక్కువ వచ్చు గనుక సగం ఒడియాలో వ్రాసింది. మా కాలంలో ఊళ్ళో తెలుగు బడులలో చదువుకొన్నాము; మెట్రిక్యులేషను దాకా నెట్టుకొచ్చాము. దానికి ఆ వీలు లేకపోయింది. ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడదు, వ్రాయమంటే మాత్రం చేయి ఒడియావైపు పోతుంది. 'జంతికలు', 'బీరువా', 'డికాషను' అన్న మాటలు ఒడియా లిపిలో చూచి నవ్వూ వచ్చింది, మరొకటీ వచ్చింది. వేసవి సెలవుల్లో రోజూ ఒక పుట తెలుగులో దిద్దిస్తున్నాము. ఆ పుస్తకాన్నే తెలుగులో తిరగ వ్రాయడం దాని పాఠం. సగానికి వచ్చింది.

దానికి పెద్దయ్యాక ఆ పండుగ అర్థం కూడ తెలిసింది. నిరుడు రజకు మా అమ్మను పట్టుకొని, 'భూమికి పండుగ చేశారు గదా, మరి నిన్ను వసారాలో ఎందుకు కూర్చోబెట్టేవారు?' అని అడిగింది. అమ్మ జవాబు చెప్పలేదు. ఊయల తాడు గట్టిగా ఉందో లేదో చూసుకోమన్నది. మేడమీద నీళ్ళ ట్యాంకు దూలానికి కట్టిన ఊయల అది. తర్వాత తానే వెళ్ళి అందులో కూర్చున్నది. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని ఊపడానికి మాకు భయం వేసింది, పిల్లకు వేయలేదు.

మొన్న హైదరాబాదునుంచి మా చిన్నాన్నగారి కోడలు ఫోను చేసింది. వాళ్ళ పిల్లలకు ఒక్కసారైనా చేసి పెట్టాలని ఉన్నదట, వాళ్ళ యింటి వెనుక కాస్త చోటు కూడ ఉన్నదట. 'మూకుడు ఒక్క ఏడాదికి పంపుతారా, బావగారూ?' అని అడిగింది. అమ్మ వింటూనే, 'పంపండి. పిల్లనూ వెంట పంపండి. మూకుడికి ముక్కు లేదుగదా' అన్నది. సెలవులు చూచుకోవాలి. రైల్లో నాలుగు కిలోల ఇనుము మోసుకుపోవడం ఎవరి పనో ఇంకా తేలలేదు.